గుట్ట మీద నవాబుల ఇళ్లు: అస్మాన్‌గఢ్, ఫలక్‌నుమా, మన ఎల్బీ నగర్ ప్లాటు

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల మొదలైంది. ఎల్బీ నగర్ దాటాక సాగర్ రోడ్ వైపు ఒక అన్న 300 గజాల ప్లాటు కొన్నారు. 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. రోడ్డు దగ్గర బాగానే ఉంటుంది, వెనక్కి నడిచేకొద్దీ కిందికి దిగిపోతుంది. వెనక హద్దు దగ్గరికి వెళ్లేసరికి రోడ్డు కంటే 14 అడుగులు కిందున్నాం. చుట్టుపక్కల రేటు కంటే తక్కువకి వచ్చింది, అందుకే కొన్నారు. ఆర్కిటెక్ట్ త్రీడీ బొమ్మ కూడా ఇచ్చేశాడు: డబుల్ హైట్ హాలు, గ్లాస్ రెయిలింగ్, వెనకాల సిటౌట్, అబ్బో. అన్న అడిగింది ఒక్కటే. "తమ్మీ, ఇది లగ్జరీ ఇల్లు అవుతుందా, తలనొప్పి అవుతుందా?"

నేను సివిల్ కాదు, కంప్యూటర్స్ బీటెక్. కానీ ఈ ప్రశ్న మన ఏరియాలో కొత్తది కాదు. ఇదే తూర్పు హైదరాబాద్‌లో నూట నలభై ఏళ్ల కింద ఒక నవాబు ఇదే తలనొప్పి తెచ్చుకున్నాడు. దానికంటే ఒక ఏడాది ముందే ఆయన బంధువు ఇంకా పెద్ద తలనొప్పి తెచ్చుకున్నాడు. ముందు వాళ్ల సంగతి చూద్దాం.

మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రో ఎక్కితే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది, దాని తర్వాత దిల్‌సుఖ్‌నగర్. ఈ లైన్ 2018 సెప్టెంబరులో మొదలైంది. అంతకుముందు మేమంతా బస్సులో టీవీ టవర్ స్టాప్ అని దిగేవాళ్లం. టవర్ అక్కడే ఎందుకు కట్టారు అని ఎప్పుడైనా ఆలోచించారా? అక్కడ ఎత్తుంది కాబట్టి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య తెలీదు గానీ అదంతా గుట్ట. అస్మాన్‌గఢ్ గుట్ట.

ఆ గుట్ట మీద ముందుగా ఒక సమాధి వచ్చింది. ఫ్రెంచి సైనికాధికారి రేమండ్‌ది. రెండో నిజాం దగ్గర సైన్యాన్ని నడిపినాయన, 1798 మార్చిలో చనిపోయాడు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. నేను ఇక్కడ చూడమనేది సమాధిని కాదు, దాని కింద ఉన్న అరుగుని. సుమారు 180 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. దాని మీద 23 అడుగుల రాతి స్తంభం, దాని మీద జే.ఆర్. అనే అక్షరాలు. ఆ అరుగు ఎందుకంత పెద్దది? గుట్ట మీద సమంగా ఉన్న చోటు దొరకదు, తయారు చేసుకోవాలి. వాలు నేల మీద ఎవరు ఏం కట్టాలన్నా మొదటి ఖర్చు అదే. ఇల్లు మొదలవ్వకముందే నేల కట్టాలి. అక్కడున్న స్తంభాల మండపం 2001 అక్టోబరులో కూలిపోయింది, తర్వాత మళ్లీ కట్టారు.

రేమండ్ పోయిన 87 ఏళ్లకి, అంటే 1885లో, అదే గుట్ట మీద నవాబ్ సర్ అస్మాన్ జా ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఈయన పైగా వంశం. (పైగా అంటే మన తెలుగు 'పైగా' కాదు, నిజాం తర్వాత అంతటి ఖాందాన్ అది. కానీ వాళ్లు ఇళ్లు కట్టిన చోట్లు చూస్తే తెలుగు అర్థం కూడా సరిపోయేలా ఉంది.) నిజాం ఇంటి అల్లుడు, 1887లో దివాన్ కూడా అయ్యాడు. బషీర్‌బాగ్‌లో ప్యాలెస్ ఉండగా ఇది ఎందుకు? వేట కోసం, సేద తీరడం కోసం. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ లేదు, కోచింగ్ సెంటర్లు లేవు, హాస్టళ్లు లేవు. గుట్ట మీద నిలబడితే ఇటు సరూర్‌నగర్ చెరువు, అటు మూసీ, మధ్యలో పొలాలు, తుప్పలు. మన భాషలో చెప్పాలంటే అది వీకెండ్ ఫామ్‌హౌస్.

డిజైన్ మాత్రం ఫామ్‌హౌస్‌లా ఉండదు. యూరప్‌లో మధ్యకాలపు కోటలాగా గుండ్రటి బురుజులు, మొనదేలిన ఆర్చీ కిటికీలు, గ్రానైట్ గోడలు. గోథిక్ అంటారు. హైదరాబాద్‌లో ఇది ఫ్యాషన్ కోసం పెట్టిన వేషమే, ఎవరి మీదా యుద్ధం లేదు. కానీ గుట్టకి ఈ వేషం సరిగ్గా సరిపోయింది. కోట అనేది పుట్టిందే వాలు మీద. దాని గోడ రాతిలోంచి నేరుగా లేస్తుంది, ముందు లాన్ ఉండాలనీ, నాలుగు వైపులా ఒకే మట్టం ఉండాలనీ అడగదు. ఒక బురుజు కింద పునాది కాస్త పైన, ఇంకో బురుజు కింద కాస్త కింద ఉన్నా కంటికి తేడా రాదు. పైగా కట్టిన రాయి కూడా ఆ గుట్ట రాయి జాతిదే, కాబట్టి బండ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో దూరం నుంచి తెలీదు. తర్వాతి కాలంలో అనాథాశ్రమంగా, స్కూలుగా వాడారు. గోడలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ కాసేపు లెక్కలు చేద్దాం. స్కిప్ చేయకండి, పెద్ద కష్టమేం కాదు.

మన అన్న ప్లాటునే తీసుకోండి. మేస్త్రి చెప్పిన పరిష్కారం చాలా సింపుల్: "వెనకాల గోడ లేపుదాం సార్, మొరం నింపుదాం, రోడ్డు లెవెల్‌కి బేస్‌మెంట్ తెచ్చేద్దాం." 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, చివర 14 అడుగుల పల్లం. నింపాల్సింది 18,900 ఘనపుటడుగులు. టిప్పర్‌కి 300 వేసుకున్నా 63 టిప్పర్లు. అది డబ్బుతో పోయే విషయం. అసలు సమస్య ఆ గోడ. నింపిన మట్టి ఊరికే కూర్చోదు, గోడని బయటికి తోస్తూ ఉంటుంది. ఎత్తు రెట్టింపు అయితే ఆ తోపుడు రెట్టింపు అవ్వదు, నాలుగు రెట్లు అవుతుంది. గోడని బోర్లా పడేసే బలమైతే ఎనిమిది రెట్లు. అంటే 7 అడుగుల గోడ కట్టిన అనుభవంతో 14 అడుగుల గోడ కట్టే మేస్త్రి ఎనిమిది రెట్లు తప్పు లెక్కలో ఉన్నాడు. ఇక వానపడి ఆ మట్టి వెనక నీళ్లు నిలిచాయా, నీటి ఒత్తిడి కూడా దీనికి కలుస్తుంది. గోడలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు, వాటి వెనక కంకర పొర, ఇవి లేకపోతే ఎంత లావు గోడైనా రిస్కే.

రెండో పద్ధతి ఇంటినే రెండు మెట్లుగా విరగ్గొట్టడం. ముందు సగం రోడ్డుకి దగ్గరి మట్టంలో, వెనక సగం 7 అడుగులు కింద. మధ్యలో డజను మెట్లు. అప్పుడు 14 అడుగుల గోడ ఒకటి కాకుండా 7 అడుగుల గోడలు రెండు. ఒక్కోదాని మీద తోపుడు నాలుగో వంతు. నింపుడు సగానికి సగం తగ్గుతుంది. పై మట్టిని కొంత కోసి కిందే నింపితే ఇంకా తగ్గుతుంది. త్రీడీ బొమ్మలో ఉన్న డబుల్ హైట్ హాలు కూడా ఈ తేడాలోంచే ఉచితంగా వచ్చేస్తుంది, ఇది నాకు భలే నచ్చింది.

మరి ఒక మనిషి "నాకు మెట్లూ గిట్లూ వద్దు, మొత్తం ఒకే మట్టంలో కావాలి, అదీ ఊళ్లో ఎవరికీ లేనంత పెద్దది కావాలి" అంటే ఏమవుతుంది? ఫలక్‌నుమా అవుతుంది.

అస్మాన్ జా గుట్ట నుంచి నగరానికి దక్షిణం వైపు, చార్మినార్ నుంచి ఓ 5 కిలోమీటర్లలో ఉంటుంది. 1884 మార్చి 3న పునాది పడింది. కట్టించింది సర్ వికారుల్ ఉమ్రా. ఈయన కూడా పైగా వాడే, ఈయన కూడా నిజాం ఇంటి అల్లుడే, అస్మాన్ జాకి దాయాది. ఈయనా దివాన్ అయ్యాడు, అదీ అస్మాన్ జా దిగిపోయాకనే. పేర్లు కూడా చూడండి. అస్మాన్‌గఢ్ అంటే ఆకాశ దుర్గం. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని పోలింది, ఆకాశానికి అద్దం అనుకోవచ్చు. ఒకే ఖాందాన్, ఏడాది తేడా, రెండు గుట్టలు, రెండు ఆకాశాలు. పోటీ అని ఎక్కడా రాసి లేదు. మన పెదనాన్న కొడుకు డూప్లెక్స్ కడితే ఇంట్లో ఏం మాటలు వస్తాయో తెలిసినవాళ్లకి రాసి ఉండాల్సిన పని లేదు.

ఒక చిన్న కరెక్షన్. ఫలక్‌నుమా 2,000 అడుగుల ఎత్తు కొండ మీద ఉంది అని చాలా వీడియోల్లో చెప్తారు, మా పాత వీడియోలో నేను కూడా చెప్పా. తప్పు. హైదరాబాద్ నగరమే సముద్ర మట్టానికి సగటున 540 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే సుమారు 1,780 అడుగులు. 2,000 అనేది సముద్రం నుంచి లెక్క అయితేనే అర్థం ఉంటుంది. ఊరి నుంచి చూస్తే ఆ గుట్ట ఎత్తు రెండు వందల అడుగుల పైచిలుకు. అది కూడా తక్కువేం కాదు లెండి.

విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. పై నుంచి చూస్తే తేలు ఆకారం అంటారు. ఉత్తరం వైపు, అంటే ఊరికి ఎదురుగా, రెండు రెక్కలు చాచి ఉంటుంది. జనానా, వంటశాల, గోల్ బంగ్లా దక్షిణం వైపుకి సాగుతాయి. మొత్తం 93,971 చదరపు మీటర్ల పరిధి. అంటే సుమారు 23 ఎకరాలు. ఇంత పెద్ద కట్టడం ఒకే మట్టంలో కూర్చోవాలంటే గుట్ట నెత్తిన బండ కొట్టాలి, అంచుల్లో గోడలు లేపి నింపాలి. మన 63 టిప్పర్ల లెక్కని ఇక్కడ వేసుకోండి, టిప్పర్ బదులు ఎడ్లబండి పెట్టండి. రాళ్లు కొట్టే వడ్డెరోళ్ల ఉలి, సుత్తి, గూటం తప్ప బ్రేకర్ మిషన్ లేదు. ఇటలీ పాలరాయి ఓడలో రావాలి, అక్కడి నుంచి రైల్లో రావాలి. అదృష్టం, 1874 నాటికే సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. రైలు దిగాక మాత్రం గుట్ట ఎక్కాల్సిందే. ఇంట్లో కనిపించే ప్రతి వస్తువుకీ ఆ ఎక్కుడు ఖర్చు ఉంది. తాగే నీళ్లతో సహా.

కట్టడం, సామాన్లు సర్దడం అన్నీ కలిపి తొమ్మిదేళ్లు పట్టింది. నవాబు ఆగలేక 1890 డిసెంబరులోనే గోల్ బంగ్లా, జనానా వైపు దిగిపోయాడు, మిగతా పని దగ్గరుండి చూసుకున్నాడు. మనవాళ్లు కూడా కింద పోర్షన్‌లో ఉండి పైన ఫ్లోరింగ్ చేయించుకుంటారు కదా, అట్లా. ఖర్చు 40 లక్షల రూపాయలు అయిందని చెప్తారు. 101 మంది ఒకేసారి కూర్చునే డైనింగ్ టేబుల్, విండ్సర్ కోటలో లైబ్రరీని చూసి చేయించిన లైబ్రరీ, పాలరాతి మెట్లు. అప్పులు కూడా అయ్యాయంటారు. 1897-98 ప్రాంతానికి ఇల్లు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లిపోయింది. బేగం సలహా ఇచ్చిందనీ, నిజాంని విందుకి పిలిచి కానుకగా ఇచ్చారనీ, ఆయన బదులుగా డబ్బు ఇచ్చాడనీ ఊళ్లో చెప్పుకునే కథ. కథలో ఎంత నిజమున్నా పేపర్ మీద ఫలితం ఒకటే: తొమ్మిదేళ్లు కట్టినాయన దాదాపు అంతకంటే తక్కువ కాలమే అందులో యజమానిగా ఉన్నాడు. 1902లో చనిపోయాడు. నిజాం 1911 ఆగస్టులో అదే ఇంట్లో చనిపోయాడు. తర్వాత చాలాకాలం ఎక్కువగా మూతపడే ఉంది. తాజ్ వాళ్లు ఏళ్ల తరబడి బాగు చేయించి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు.

"నవాబులు కాబట్టి దుబారా" అని కొట్టిపారేయకండి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరు వినే ఉంటారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో జలపాతం మీద ఆయన కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు 1930లలో వచ్చింది. అది మొదట అనుకున్న బడ్జెట్ కంటే ఎన్నో రెట్లు దాటి 1,55,000 డాలర్లు అయింది. గాల్లోకి చాచిన బాల్కనీలు కట్టిన రోజుల నుంచే వంగడం మొదలుపెట్టాయి. 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి ఆపాల్సి వచ్చింది. వాలు మీద కంటికి కనిపించేదానికి వేసిన ఎస్టిమేట్ మేధావికి కూడా సరిపోలేదు.

సరే, ఇంతవరకు పైన ఉన్నవాళ్ల కష్టాలు. ఇప్పుడు కిందికి దిగుదాం.

1908 సెప్టెంబరు 28. మూసీ వరద. దాదాపు 15,000 మంది పోయారని లెక్క. ఆ రోజు నది ఒడ్డున ఉన్న బస్తీలు కొట్టుకుపోయాయి, గుట్టల మీద ఇళ్లు తడిసి ఊరుకున్నాయి. అప్పటిదాకా ఎత్తు అంటే గాలి, వేట, వ్యూ. ఆ తర్వాత ఎత్తు అంటే ప్రాణం. విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నగరం మెల్లగా గుట్టల వైపు చూడటం మొదలుపెట్టింది.

బంజారాహిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు ఆ కాలంలోదే. తర్వాత గుజరాత్‌కి మొదటి గవర్నర్ అయినాయన. ఆయన బండల్ని కొట్టకుండా, వాటి మధ్య, వాటినే గోడలుగా వాడుకుని ఇల్లు కట్టుకున్నాడు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ ఆయన అతిథిగా ఉండి ఆ కొండల మీద ఒక కవిత రాశాడు. నా లెక్కలో వాలు మీద లగ్జరీకి హైదరాబాద్ ఇచ్చిన బెస్ట్ ఆన్సర్ ఇదే. ఫలక్‌నుమా అనుకున్నారా? కాదు. బండ కొట్టలేదు కాబట్టి ఖర్చు లేదు, నింపలేదు కాబట్టి గోడ లేదు, వాన నీళ్లు ఎన్నో వేల ఏళ్లుగా పోతున్న దారిలోనే పోయాయి. ఆ చివరి మాట ముఖ్యం.

ఎందుకంటే మన వైపు ఏం జరిగిందో 2020 అక్టోబరు 13 రాత్రి అందరం చూశాం. సరూర్‌నగర్ చెరువు 1626లో తవ్వించినది. చుట్టూ ఉన్న ఎత్తు మీద పడ్డ ప్రతి చుక్కా అందులోకి రావాలనే కట్టారు. ఎత్తు మీద మట్టి ఉన్నప్పుడు కొంత ఇంకేది, కొంత ఆగి ఆగి వచ్చేది. ఇప్పుడు ఎల్బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా పైనంతా సిమెంటు, టైల్స్, పార్కింగ్ బ్లాకులు. వాన పడ్డ గంటలోనే నీళ్లు మొత్తం ఒకేసారి కిందికి వస్తాయి. చెరువు చుట్టూ కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మా ఫ్రెండ్ వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తేలింది. అప్పుడు మేం తిట్టింది చెరువుని, నాలాని, కార్పొరేటర్‌ని. పైన ఇల్లు కట్టుకున్నోళ్లని ఎవరూ తిట్టలేదు. వాళ్లకి కూడా తాము ఏదైనా చేశామని తెలీదు. 10 హెక్టార్ల పైనున్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లలో కట్టొద్దు అని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. కానీ ఆ చెరువుకి రెండు కిలోమీటర్ల ఎగువన వాలు మీద కట్టే ఇంటి నీళ్లు ఎటు పోవాలో ఎవరం అడగం.

అందుకే ప్లాటు చూడటానికి వెళ్లాను. త్రీడీ బొమ్మలో వెనక సిటౌట్ నుంచి వ్యూ సూపర్. బొమ్మలో లేనిది ఏంటంటే, వెనక హద్దు దాటగానే వరసగా నాలుగు రేకుల ఇళ్లు. 14 అడుగుల గోడ లేపితే వాళ్ల వంటిళ్లకి మీద లేస్తుంది. అక్కడ బట్టలు ఆరేస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి కిందినుంచే అడిగింది, "గోడ కడుతరా బిడ్డా? పడితే మా మీదనే గద." అన్న ఏం మాట్లాడలేదు. నేను వీడియో తీయడం ఆపేశా.

ఆ సాయంత్రం ఆర్కిటెక్ట్‌తో కూర్చున్నాం. రెండు మట్టాల ప్లాన్‌కి ఆయన ఒప్పుకున్నాడు. నిజానికి ఆయన మొదట గీసింది అదేనంట, మెట్లు ఎక్కువైతే ముసలితనంలో కష్టం అని ఇంట్లోవాళ్లు వద్దన్నారు. అమ్మానాన్నల బెడ్‌రూమ్ రోడ్డు మట్టంలోకి మార్చాడు, ఆ గొడవ తీరింది. ప్లాటు మధ్యలో ఒక పెద్ద బండ బయటికి కనిపిస్తోంది, దాన్ని బ్లాస్ట్ చేయకుండా రెండు మట్టాల మధ్య మెట్లు దాని పక్కనుంచి తిప్పొచ్చు అన్నాడు. గోడలు రెండూ స్ట్రక్చరల్ ఇంజినీర్ డ్రాయింగ్‌తోనే, మేస్త్రి నోటి లెక్కతో కాదు అని రాసుకున్నాం.

నీళ్ల దగ్గర మాత్రం ఆగిపోయాం. రోడ్డు డ్రెయిన్ పైన ఉంది, ఇల్లు కింద ఉంది. నీళ్లు పైకి ఎక్కవు. ఇంకుడు గుంత తవ్వొచ్చు, కానీ నాలుగు అడుగుల కింద బండ తగులుతోంది, ఎంత ఇంకుతుందో నమ్మకం లేదు. మిగిలింది ఒకటే దారి: ప్లాటు పక్కనుంచి మూడు అడుగుల కాలువ తీసి, ఆ రేకుల ఇళ్ల పక్కగా కింద ఉన్న నాలాలో కలపాలి. దానికి అన్న తన 45 అడుగుల వెడల్పులో 3 అడుగులు వదులుకోవాలి. గజం ధరతో గుణిస్తే మామూలు మొత్తం కాదు. కింద ఉన్నవాళ్లు తమ పక్కనుంచి కాలువకి ఒప్పుకోవాలి కూడా. వచ్చే ఆదివారం అన్న, నేను, ఆర్కిటెక్ట్ ముగ్గురం వెళ్లి ఆ అవ్వ వాళ్లతో కూర్చుంటున్నాం. కెమెరా తీసుకెళ్లడం లేదు.